లైన్ అంటే ఒక్క మాటల ఏం చెప్పాలె?

మొన్న ఏడో తరగతికి ఇంగ్లీష్ క్లాసు చెప్పుకుంట బోర్డు మీద "లైన్ అంటే గీత" అని రాసి ఇటు తిరిగేసరికి వెనుక బెంచీల ఒక పిలగాడు లేచి నిలవడ్డడు. "మేడం, నిన్న మా బాపు యూరియా లైన్ల పొద్దంత ఉన్నడు, అది గీత ఎట్లయితది?" అన్నడు. ఎగతాళికి అనలే, వాని మొఖం చూస్తేనే తెలుస్తుంది నిజంగ తెలుసుకుందామనే అడుగుతున్నడని. "వరుస అని గూడ అర్థం ఉన్నది బిడ్డా" అన్న. ఇగ క్లాసంత లేచింది. మరి లైన్‌మన్ అంటే ఏంది మేడం అని ఒకరు, ఆన్‌లైన్ల ఏ గీత ఉన్నది మేడం అని ఒకరు, మా అక్క జాకెట్‌కు లైనింగ్ ఏపిస్తది అది గీతనా వరుసనా అని ఒక పిల్ల, ఫోన్ చేస్తే లైన్ బిజీ అని వస్తది గదా అని ఇంకొకరు. బెల్లు కొట్టేదాక పాఠం ఒక్క పేజీ గూడ ముందుకు పోలే. నాకు దాని బాధ ఏం లేదు, ఇన్నేండ్ల సర్వీసుల పిల్లలు ఒక మాటను పట్టుకొని గంటసేపు ఇడువకుండ అడిగింది అదే మొదటిసారి.

ఇంటికొచ్చినంక గూడ ఆ మాట నా మనసుల నుంచి పోలే. ఎందుకంటే మా ఇంట్ల అన్నం పెట్టిన మాట అది. మా బాపు హెల్పర్‌గ చేరి, జూనియర్ లైన్‌మన్ అయి, అసిస్టెంట్ లైన్‌మన్ అయి, లైన్‌మన్ అయి, ఆఖరికి లైన్ ఇన్‌స్పెక్టర్‌గ రిటైర్ అయిండు, అంటే ఆయన నౌకరి అంత ఆ ఒక్క మాట చుట్టే తిరిగింది. ఆయన కంటే ముందు మా ఇంట్ల అందరిది మగ్గం పనే. వరంగల్ కొత్తవాడల మా తాత గుంట మగ్గం మీద షత్రంజీలు (జంపఖానాలు) నేసెటోడు, నానమ్మ రాట్నం ముందట కూసొని కండెలు చుట్టేది. "పెద్దోడు మగ్గం లైన్ ఇడిసి కరెంట్ లైన్ పట్టిండు" అని చుట్టాలు అనేటోళ్లు. ఆ ఒక్క ముక్కల లైన్ రెండుసార్లు వస్తది, మొదటిది బతుకుదెరువు, రెండోది తీగ, వినేటోళ్లకు మాత్రం ఎన్నడు గూడ అనుమానం రాలే.

రాత్రి అన్నాలు తిన్నంక డిక్షనరీ ముందరేసుకొని కూసున్న. ఇంగ్లీష్‌ల పెద్ద పెద్ద మాటలకు అర్థం ఒకటో రెండో ఉంటది, చిన్న మాటలకే అర్థాలు గుట్టలు గుట్టలు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద డిక్షనరీ 1989 ఎడిషన్ల "సెట్" అనే మూడక్షరాల మాటకు 430 అర్థాలు ఇచ్చిన్రు. నాకైతే అర్థాల లెక్క కంటే ఆ మాట ఎక్కడ పుట్టిందన్నదే ఎక్కువ పట్టుకున్నది.

లాటిన్ల "లీనుమ్" అంటే అవిసె. మనం ఎండుమిరపకాయలు, ఎల్లిపాయ ఏసి కారం కొట్టుకుంటం సూడు, ఆ అవిసె గింజల మొక్కనే. దాని కాడ నానబెట్టి పీకితే నార వస్తది, ఆ నారను వడికితే దారం. ఆ దారానికి "లీనియా" అని పేరు. ఆ లీనియానే తిరిగి తిరిగి లైన్ అయింది. అంటే మొదట్ల లైన్ గీతా కాదు, వరుసా కాదు, అవిసె నార దారం. ఇది చదవంగనే నాకు చానా సంతోషమైంది, ఎందుకో చెప్పలేను, ఎక్కడో తప్పిపోయిన చుట్టం దొరికినట్టు అనిపించింది. ఆ నారతోని నేసిన బట్ట లినెన్. అంగీల లోపట ఆ లినెన్ గుడ్డ ఏసి కుట్టేటోళ్లు గనుక లైనింగ్. అవిసె గింజ లిన్‌సీడ్. మా క్లాసుల ఆ పిల్ల అడిగిన లైనింగ్‌కు నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయిన, కాని అది గీత కంటే గూడ అసలు లైన్‌కు దగ్గరి చుట్టం. గీత ఎట్ల వచ్చిందంటే, దారాన్ని రెండు కొసలు పట్టి గుంజితే సక్కగ నిలుస్తది, గోడ కట్టే మేస్త్రి ఇయ్యాలటికి గూడ అటొక మొల ఇటొక మొల కొట్టి నడుమ దారం కట్టినంకనే ఇటుక పెడుతడు, ఆ దారం పోయిన జాగనే గీత. మన భాషల గూడ ఇట్లనే జరిగింది. సూత్రం అంటే దారం, మంగళసూత్రంల ఇంక ఆ దారమే ఉన్నది, అదే సూత్రం లెక్కల పుస్తకంల ఫార్ములా అయింది. సక్కగ ఉన్నదాన్ని "నూలు పట్టినట్టు" అంటం. ఎక్కడి రోము, ఎక్కడి కొత్తవాడ, ఇద్దరు గూడ సక్కదనాన్ని దారంతోనే కొలిచిన్రు.

నానమ్మ కండె చుట్టేటప్పుడు నేను పక్కకు కూసునేదాన్ని. పోగు తెగేది. తెగంగనే రాట్నం ఆపి, చూపుడు వేలు నాలుకకు తాకిచ్చి తడి చేసుకొని, తెగిన రెండు కొసలు పక్కపక్కకు పెట్టి రెండు వేళ్ల నడుమ ఒక్క మెలి తిప్పేది. అంతే, ఎక్కడ తెగిందో ఎక్కడ అతికిందో నాకు కనపడేది కాదు. నేను చేస్తే మళ్ల తెగేది. "ఈ కొస నీ చేతులనే ఉంటది బిడ్డా, అవతలి కొస ఎతుక్కోవాలె ముందుగాల" అనేది. వరంగల్ షత్రంజీలకు 2018ల జీఐ గుర్తింపు (ఈ సరుకు ఈ జాగదే అని ఇచ్చే గుర్తింపు) వచ్చిన రోజు పేపర్ల చదివి నేను మొదట తలుసుకున్నది ఆ తడి వేలినే.

ఇగ బాపు లైన్. ఇది కొంచెం వివరంగ చెప్పాలె, ఎందుకంటే మనందరం ఉత్తగనే వాడే "లైన్ క్లియర్" అన్న మాట వెనుక ఏమున్నదో కరెంట్ స్తంభం ఎక్కెటోళ్ల ఇండ్లల్ల ఉన్నోళ్లకు తెలుస్తది. 11 కేవీ తీగ మీద పని పడ్డదనుకో, ట్రాన్స్‌ఫార్మర్ కాడ జంపర్ (తీగకు తీగను కలిపే ముక్క) కాలిందో, చెట్టు కొమ్మ పడ్డదో. లైన్‌మన్ ముందుగాల సబ్ స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ ఫీడర్ (సబ్ స్టేషన్ నుంచి వచ్చే ఆ తీగ) మీద ఎల్సీ అడుగుతడు. ఎల్సీ అంటే లైన్ క్లియర్. అక్కడున్న ఆపరేటర్ బ్రేకర్ బందు చేసి, టైమ్ రాసుకొని, ఎల్సీ ఇస్తున్న అన్నా అని చెప్తడు. ఇటు లైన్‌మన్ ఏబీ స్విచ్ (స్తంభం కాడ తీగను విడదీసే స్విచ్) ఓపెన్ చేసి, తప్పిజారి కరెంట్ వచ్చినా భూమిలకు పోయేటట్టు తీగలకు ఎర్తింగ్ రాడ్లు తగిలిచ్చి, అప్పుడు ఎక్కుతడు. పని అయినంక రాడ్లు తీసి, మనుషులందరు కిందికి దిగిన్రో లేదో లెక్క చూసుకొని, ఎల్సీ తీసుకున్నాయనే ఫోన్ చేసి ఎల్సీ రిటర్న్ ఇయ్యాలె. ఇంకొకలు చేస్తే నడువది, సర్పంచ్ చేసినా నడువది, వేరే పెద్ద సారు చేసినా నడువది. తీసుకున్న గొంతే వాపస్ ఇయ్యాలె. బాపు అంగీ జేబుల ఒక చిన్న నోట్‌బుక్ ఉండేది, చెమటకు అట్ట మెత్తబడి అంచులు నల్లగ అయ్యేది, దాంట్ల రెండే వరుసలు, తీసుకున్న టైమ్, ఇచ్చిన టైమ్. సంవత్సరానికొకటి నిండేది. అమ్మ పారెయ్యకుండ బీరువ కింద పెట్టింది, ఇప్పటికి ఉన్నయి.

ఒకసారి ఎల్సీ సక్కగనే తీసుకున్నరు, అయినా ఒక హెల్పర్‌కు షాక్ తగిలింది. ఆరోజు తొందరల రాడ్లు ఒక దిక్కే ఏసిన్రు. ఏమైందంటే, అవతలి దిక్కు ఒక పెండ్లి జరుగుతున్నది, కరెంట్ పోంగనే జనరేటర్ పెట్టిన్రు, మెయిన్ నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండనే పెట్టిన్రు. ఆ జనరేటర్ కరెంట్ ఇంటి వైర్ల నుంచి వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌కు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్‌కు అటు ఇటు తేడా ఉండదు, పైనుంచి వస్తే 11 వేల వోల్టులను తగ్గిచ్చి ఇంటికి ఇస్తది, ఇంటి దిక్కు నుంచి పోతే దాన్నే పెంచి పైకి ఎక్కిస్తది. బందు చేసిన తీగ మల్ల బతికింది. ఆ అన్న బతికి బయటపడ్డడు గని కుడిచేయి రెండు వేళ్లు పోయినయి. బాపు ఆ రాత్రి అన్నం తినలే, నోట్‌బుక్ తెరిచి ఆ రోజు రాసిన టైమ్ చూసుకుంట కూసున్నడు. అప్పటి సంది ఏ చిన్న పని అయినా రెండు దిక్కుల రాడ్లు ఏయనిదే నిచ్చెన మీద కాలు పెట్టలే, పెట్టనియ్యలే. ఇన్వర్టర్లు, జనరేటర్లు పెట్టుకునేటోళ్లందరికి నేను దండం పెట్టి చెప్తున్న, చేంజోవర్ పెట్టిచ్చుకోండ్రి, మీ ఇంట్ల బల్బు వెలుగు స్తంభం మీద ఉన్న మనిషి చేతిల నుంచి పోవద్దు.

లైన్ క్లియర్ రైలోళ్ల మాట గూడ. మా కాజీపేట జంక్షన్ల పట్టాలు మూడు దిక్కులకు పోతయి, సికింద్రాబాద్ దిక్కొకటి, బల్లార్షా దిక్కొకటి, విజయవాడ దిక్కొకటి. ఒక స్టేషన్ మాస్టర్ ముందటి స్టేషన్‌ను అడిగి, అక్కడ పట్టా ఖాళీ ఉన్నదని వాళ్లు లైన్ క్లియర్ ఇస్తేనే బండిని పంపిస్తడు. ఇక్కడ గూడ ఇద్దరు మనుషులు, అటొకరు ఇటొకరు, నడుమ నమ్మకం. ఇప్పుడు పెద్దబిడ్డ పెండ్లి అయితే చిన్నబిడ్డకు లైన్ క్లియర్ అంటున్నరు, ఉద్యోగాల కేసు కొట్టేస్తే పేపరోళ్లు హెడ్డింగ్‌ల లైన్ క్లియర్ అని పెడుతున్నరు. తప్పేం లేదు, మాటలు అట్లనే పెరుగుతయి. కని నాకు మాత్రం ఆ మాట వింటే ఫోన్ల బాపు గొంతు యాదికొస్తది.

ఆ పిలగాడు అడిగిన యూరియా లైన్ సంగతి. తెల్లారి ఆ ఊరి దిక్కు బడికి పోయేటప్పుడు నేను బండి ఆపి చూసిన. షట్టర్ ఇంక తెరువలే. గేటు కాన్నుంచి రోడ్డు దాక చెప్పులు, ఒకదాని ఎనక ఒకటి, ప్లాస్టిక్ చెప్పులు, తోలు చెప్పులు, ఒక ముసలామెది పట్టీ తెగితే పిన్నీసు పెట్టిన చెప్పు, నడుమ నడుమ పాస్‌బుక్కు మీద రాయి పెట్టి ఉన్నది. మనుషులు చెట్టు నీడకు కూసున్నరు. వరుసల మనిషి నిలవడకున్నా వాని చెప్పు నిలవడ్డది, అయినా ఎవ్వరు ఎవ్వరి చెప్పును పక్కకు జరుపలే. ఒకాయన లేచి ముందటి చెప్పు కొంచెం పక్కకుపోతే కాలుతోని గాదు, వంగి చేతితోని సరిచేసిండు. ఎరువు బస్తా కోసం రైతు ఇంత కష్టపడుడు చానా అన్యాయం, అది ఎవ్వరి తప్పైనా గాని. కని ఆ చెప్పుల లైన్ల ఉన్న మర్యాద నేను మర్చిపోలేను. దాన్ని మనోళ్లు "క్యూ లైన్" అంటరు, మేడారం జాతరల గద్దెల కాడికి పోయే బారికేడ్లను గూడ అట్లనే అంటరు. క్యూ అంటే ఫ్రెంచిల తోక. మరి క్యూ లైన్ అంటే తోక దారం, చెప్పుల వరుసను చూస్తే అదే అనిపించింది నాకు.

ఇదంతా రాసుకుంట ఒక దిక్కు నాకు మన మాటలు గూడ యాదికొస్తున్నయి. ఇంగ్లీషోళ్లు ఒక్క లైన్‌తోని నడిపియ్యంగ మనకు ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క పేరున్నది. నాగలి పోయింది సాలు. అన్నం కాడ కూసున్నది బంతి, "మొదటి బంతి లేచింది, రెండో బంతి కూసోండ్రి" అని పెండ్లిల్ల కేకలు ఏసేటోళ్లు, ఇప్పుడు బఫే వచ్చి చేతుల ప్లేటు పట్టుకొని లైన్ల నిలవడుతున్నం, ఆ బంతి అన్న మాట మా బడి పిల్లలల్ల సగం మందికి పువ్వు పేరుగనే తెలుసు. ఆకాశంల కొంగలది బారు. మగ్గం మీద పడుగు పేక. పద్యంది పాదం. వరుస అన్న మాటనైతే చూడుండ్రి, అది నిలవడే వరుస ఒకటే గాదు, "నీకు వరుసకు ఏమైతడు" అంటే మేనబావ, చిన్నాయిన, వదినె అని చెప్తం. ఇంగ్లీష్‌ల వంశాన్ని లీనియేజ్ అంటరు, అది గూడ ఈ లైన్ నుంచి వచ్చిందే. వాళ్లకు చుట్టరికం దారం, మనకు చుట్టరికం వరుస. ఎవ్వరు ఎవ్వరికాన్నుంచి నేర్సుకోలే, మనిషి అన్నోడు ఎక్కడున్నా గట్లనే అనుకుంటడు కావచ్చు. లైన్ అన్న మాట వాడొద్దని నేను అనను, నేనే రోజూ వంద సార్లు అంట. సాలు, బంతి, బారు గూడ పిల్లల నోట్ల ఉండాలె అంట. ఇంగ్లీష్ మాట, మన మాట కొట్లాడుకోవు, మనమే ఒకదాన్ని ఇంట్లకు పిలిచి ఇంకొకదాన్ని బయటికి పంపుతున్నం.

ఆన్‌లైన్ మాటకైతే మా ఊర్లల్ల అసలే కొత్త అర్థం పుట్టింది. "ఆన్‌లైన్ అయ్యిందా?" అంటే ఇంటర్నెట్ ఉన్నదా అని గాదు, నీ పేరు రికార్డుల ఎక్కిందా అని. "నా భూమి ఆన్‌లైన్ల రాలే" అని ఒక ముసలాయన మీ సేవ కాడ కండ్ల నీళ్లు పెట్టుకున్నడు, భూమి చేన్ల ఉన్నది, ఆయన దాన్ని దున్నుతున్నడు, కాయితం గూడ ఉన్నది, కని స్క్రీన్ మీద పేరు లేదు గనుక ఆయన లెక్కల అది లేనట్టే. సూడంగ సూడంగ ఆ మాటకు ఆయన ఇచ్చిన అర్థమే సరైందని అనిపించింది నాకు. ఆ దారం కొస ఆయన చేతుల ఉన్నది, అవతలి కొస దొరుకుతలేదు.

మిగతావి తొందరగ చెప్త. వరంగల్ హైదరాబాద్ రోడ్డును మనం ఫోర్ లైన్ అంటం గదా, అది ఇంగ్లీష్‌ల లైన్ గాదు, లేన్, వేరే మాట, మన నోట్ల పడి లైన్ అయింది, ఇగ అట్లనే ఉండనియ్యిండ్రి. మా స్కూల్ వాట్సాప్ గ్రూప్‌ల రోజూ వచ్చే డెడ్‌లైన్ మాత్రం చానా బాధ మీద పుట్టింది. అమెరికా అంతర్యుద్ధం టైమ్‌ల, 1864ల, ఆండర్సన్‌విల్ అనే జైలు క్యాంపుల గోడకు లోపలి దిక్కు ఒక చిన్న కంచె లెక్క కట్టెలు పాతిన్రు, దాన్ని దాటిన ఖైదీని కావలోడు కాల్చొచ్చు. ఆ గీత పేరు డెడ్‌లైన్. అది తెల్సినంక పిల్లల హోంవర్క్‌కు నేను ఆ మాట వాడుడు బందు చేసిన, "సోమారం దాక టైమ్" అంటున్న. ఇంకొకటి, అమ్మాయిలకు "లైన్ ఏసుడు". ఇది నాకు ఎన్నడు నచ్చలే. ఇంటర్‌ల నర్సంపేట బస్సుల పోయేటప్పుడు ఆ మాట మా ఎనక సీట్ల నుంచి వినపడితే కిటికీ దిక్కు తిరిగి కూసునేటోళ్లం. గాలం ఏసుడు అన్నా అదే, ఇంగ్లీష్‌ల గాలానికి కట్టిన దారాన్ని గూడ లైన్ అనే అంటరు. దారం అవతలి కొసను పట్టుకోను అవతలి మనిషికి ఇష్టం ఉండాలె గదా.

మర్నాడు క్లాసుల నేను బోర్డు మీద గీత అన్న మాట తుడిచి, కొత్తవాడ నుంచి తెచ్చిన ఒక కండె పిల్లల చేతికి ఇచ్చిన. ఆ యూరియా పిలగాడు కొస పట్టుకొని తలుపు దాక పోయిండు, ఇంకొక కొస బోర్డు కాడ లైనింగ్ అడిగిన పిల్ల పట్టుకున్నది. "ఇది లైన్" అన్న. మిగతా పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆ దారం కింద చాక్‌పీస్‌తోని తమకు తెల్సిన లైన్లు రాసిన్రు, ముప్పై ఒకటి అయినయి, రెండు నాకు గూడ తెలువయి.

ఆ రాత్రే గాలిదుమారం వచ్చి కరెంట్ పోయింది. బాపు అరుగు మీద కూసున్నడు, ఆయన రిటైర్ అయి చానా ఏండ్లయింది. వీధంత చీకటి, అవతల యాప చెట్టు కొమ్మ తీగల మీద పడ్డదని ఎవరో చెప్పిన్రు. టార్చి లైటు ఒకటి స్తంభం కాడ కదులుతున్నది. బాపు ఆ దిక్కే చూసుకుంట, "ఓ తమ్మీ, రాడ్లు ఏసినవా?" అని కేకేసిండు. "రెండు దిక్కుల ఏసిన సార్" అని చీకట్ల నుంచి వచ్చింది. ఇగ ఆయన మాట్లాడలే. గంట కంటే ఎక్కువనే అయింది. కరెంట్ రాంగనే పిల్లలు కేకలు పెట్టిన్రు, ఇండ్లల్ల టీవీలు మోగినయి, అమ్మ మోటర్ ఏసింది. బాపు గోడ గడియారం దిక్కు చూసి, జేబు తడుముకొని, "తొమ్మిది నలభై" అన్నడు.